స్క్రూ తల పోయిందంటే బండి పని అయిపోయినట్టు కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను శ్రీకాకుళంలో బైకు మెకానిక్‌ని. పానా పట్టి ముప్పై ఏళ్ళు దాటిపోనాది గానీ పేపర్‌కి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. మీ పేజీలో కరెంటు గురించి, కాలవ నీళ్ళ గురించి, ధాన్యం డబ్బుల గురించి జనం రాస్తారు, అవి పెద్ద విషయాలే, నేను కాదనట్లేదు. నేను రాసేది ఒక స్క్రూ గురించి. చిటికెన వేలంత కూడా ఉండదు. కానీ దాని తల పాడైతే ఒక ఇంటి బండి పాత ఇనప సామాన్లోడి తూకానికి వెళ్ళిపోద్ది, అది నేను పదే పదే చూస్తున్నాను కాబట్టి రాయాలనిపించింది.

మొన్న ఆదివారం సంతబొమ్మాళి వైపు నుంచి ఒక కుర్రాడు గోనె సంచిలో ఇంజిను కట్టుకుని బస్సులో వచ్చేడు. యమహా ఆర్ఎక్స్ 100 ఇంజిను. సంచి విప్పి బల్ల మీద పెట్టి "అన్నా, మా నాన్నదన్నా ఇది, నౌపడ ఉప్పు మడులకి రోజూ దీని మీదే ఎల్లీవోడు, ఆయన పోయి ఆరేళ్ళయింది, ఎలాగైనా నడిపించాలన్నా" అన్నాడు. కుడి పక్క క్లచ్ కవర్ చూసేను. నాలుగు స్క్రూల తలలు నున్నగా అరిగిపోయి గిన్నెల్లాగ ఉన్నాయి, ప్లస్ గాడి ఆనవాలు కూడా లేదు. ఒక దాని పక్కన ఉలి దెబ్బలు, కవర్ అంచు పెచ్చు లేచిపోయింది. ఇంకో దాన్లో ఈజీ అవుట్, అంటే విరిగిన స్క్రూలో దించి తిప్పి తీసే పనిముట్టు, అదే విరిగి లోపలే ఉండిపోయింది. ఎవరు చేసేరు నాయనా అంటే ఊళ్ళో ఒక షెడ్లో ఇచ్చేనన్నా, ఒక పూటంతా కుస్తీ పట్టి ఇది రాదు ఇంజిను మార్చీసుకో అన్నారు అన్నాడు. ఆ షెడ్డు వాళ్ళని తిట్టడానికి కాదు ఈ ఉత్తరం. వాళ్ళకి చెప్పినోళ్ళు లేరు. నాకూ చెప్పినోళ్ళు లేని రోజుల్లో నేను కూడా ఒక ముసలాయన బండి ఇంజిన్ కేసు, అంటే ఇంజిను బయటి అల్యూమినియం డొల్ల, పగలగొట్టీసేను, ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, కవర్ ముక్క చేత్తో పట్టుకుని చూసి ఊరుకున్నాడు, అందుకే ఇన్నేళ్ళైనా ఆయన ముఖం మర్చిపోలేదు.

అసలు స్క్రూ తల ఎందుకు పోద్ది అనేది ముందు చెప్తాను, ఎందుకంటే వంద మందిలో తొంభై మంది స్క్రూ పాతదైపోయింది అందుకే పోయింది అనుకుంటారు. కాదు. ఈ బళ్ళు జపాన్ డిజైన్లు. ఆర్ఎక్స్ 100 మన దేశంలో 1985లో మొదలై 1996లో ఆగిపోయింది, హీరో హోండా సీడీ 100 కూడా 1985లోనే వచ్చింది, సుజుకీలు, కవాసాకీలు కూడా దానికి అటూ ఇటూగానే. వీటి మీద ఉండే ప్లస్ స్క్రూని మనం స్టార్ స్క్రూ అంటాం, అన్ని స్టార్లూ ఒకటే అనుకుంటాం. జపాన్ వాళ్ళకి సొంత కొలత ఉంది, జేఐఎస్ అంటారు. మన షాపుల్లో దొరికే స్టార్ స్క్రూ డ్రైవర్లు దాదాపు అన్నీ ఫిలిప్స్ రకం, అది 1930ల్లో అమెరికాలో పుట్టింది. చూడ్డానికి రెండూ ఒకటే, పక్కపక్కన పెట్టినా కొత్తోడికి తేడా తెలీదు. కానీ ఫిలిప్స్ మొన జేఐఎస్ గాడిలో అడుగు దాకా దిగదు, పైపైనే కూర్చుంటది, గట్టిగా తిప్పగానే పైకి ఎక్కి బయటికి జారిపోద్ది, జారిన ప్రతిసారీ గాడి అంచు కొంచెం కోసేస్తది. మూడుసార్లు జారితే ఇంక పట్టు ఉండదు, నాలుగోసారి మనిషికి కోపం వస్తది, ఐదోసారి సుత్తి వస్తది.

సైజు సంగతి ఇంకోటి. కవర్ స్క్రూలు 6 ఎంఎంవి, వాటికి నెంబర్ 3 మొన కావాలి, అది మొద్దుగా లావుగా ఉంటది. మన షెడ్లల్లో చేతికి అందేది నెంబర్ 2, దానితోనే హెడ్‌లైటు, దానితోనే కార్బురేటరు, దానితోనే ఇంజిన్ కవరు. నెంబర్ 2 పెట్టి 6 ఎంఎం స్క్రూ తిప్పడం అంటే వదులు చెప్పులేసుకుని కొండెక్కడం లాంటిది. చాలా జపాన్ స్క్రూల తల మీద సూదితో పొడిచినట్టు ఒక చిన్న చుక్క ఉంటది, అది కనిపిస్తే ఫిలిప్స్ దగ్గరికి తీసుకెళ్ళకండి. జేఐఎస్ మొన దొరక్కపోతే ఫిలిప్స్ నెంబర్ 3 మొన చివర గ్రైండర్ మీద ఒక్క వెంట్రుక మందం ఆనించి చదును చేస్తే గాడిలోకి ఇంకొంచెం లోపలికి దిగుతాది, నేను చాలా ఏళ్ళు అలాగే నెట్టుకొచ్చేను.

ఇంక మన గాలి. 193 కిలోమీటర్ల సముద్రం ఉంది మన జిల్లాకి, మనకి గర్వమే, కానీ ఇంజిన్లకి అది శత్రువు. స్క్రూ ఉక్కు, కేసు అల్యూమినియం, రెండిటి మధ్య ఉప్పు తడి చేరితే అది చిన్న బ్యాటరీ లాగ పని చేస్తది, అందులో తినబడిపోయేది అల్యూమినియం. ఇనుము తుప్పు ఎర్రగా ఉంటది అందరికీ తెల్సు, అల్యూమినియం తుప్పు తెల్లగా సున్నం పొడిలాగ ఉంటది, అది అసలు లోహం కంటే ఎక్కువ చోటు తీసుకుంటది, అంటే మర చుట్టూ ఉన్న సన్నని సందులో ఉబ్బిపోయి స్క్రూని పిడికిలిలో పట్టినట్టు పట్టీస్తది. కళింగపట్నం, బారువ, భావనపాడు నుంచి చేపల గంపలు కట్టుకొచ్చే బళ్ళు చూడండి, తెల్లారకుండానే బయల్దేరతాయి, ఐసు కరిగి ఉప్పు నీళ్ళు దారి పొడుగునా ఇంజిను మీద కారతానే ఉంటాయి, ఇంటికెళ్ళేక చేపల పెట్టె కడుగుతారు గానీ ఇంజిన్ మీద ఒక బకెట్ మంచినీళ్ళు పోసేవాళ్ళు తక్కువ. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది కదా, చెట్ల కింద, నీళ్ళల్లో పడున్న బళ్ళు ఆ తర్వాత నెలల తరబడి వస్తానే ఉన్నాయి నా దగ్గరికి, ఆ బళ్ళ స్క్రూలు తిప్పితే మామూలు తుప్పుకీ ఉప్పు తుప్పుకీ తేడా ఏటో అప్పుడు బాగా తెలిసొచ్చింది.

అందుకని ఎవరైనా పాత బండి ఇప్పాలనుకుంటే నా మాట ఇది, మొదటి రోజు స్క్రూ డ్రైవర్ ముట్టుకోకండి. గాడిలో మట్టి, గ్రీజు గట్టిగా కూరుకుపోయి ఉంటది, సన్నని సూదితో అది అడుగు దాకా గీకి తియ్యండి, గాడి నిండా మట్టి ఉంటే ఎంత మంచి మొన అయినా దిగదు. ఇది రెండు నిమిషాల పని, ఎవరూ చెయ్యరు. తర్వాత తుప్పు వదిలించే డబ్ల్యూడీ 40 స్ప్రే అయినా, లేదా ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ల కార్లలో పోసే) ఆయిలూ అసిటోనూ సగం సగం కలిపిందైనా తల చుట్టూ పోసి రాత్రంతా వదిలెయ్యండి, మర్నాడు మళ్ళీ పొయ్యండి. అసిటోన్ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. ఇంకో మాట, ఇంజిన్ని ఛాసిస్‌లోంచి దింపకముందే కవర్ స్క్రూలు వదులు చేసుకోవాలి, ఎందుకంటే ఛాసిస్‌లో ఉంటే బండి బరువు దాన్ని కదలకుండా పట్టుకుంటది, బల్ల మీద ఇంజిను దెబ్బకి ఎగురుతాది, దెబ్బలో సగం బలం అక్కడే పోద్ది. ఈ కుర్రాడు దింపీసే తెచ్చేడు, ఏం చేస్తాం, కింద ఇసక మూట వేసి ఇద్దరు పట్టుకుని చేసేము.

కొట్టడం తప్పని నేను అనను, ఎలా కొట్టాలో తెలియాలి. స్క్రూ తల మీద పంచ్ నిలువుగా పెట్టి సుత్తితో రెండు మూడు దెబ్బలు తిన్నగా వేస్తే లోపల మర పట్టుకున్న తుప్పు పొర చిట్లుతాది, కొంచెం అరిగిన గాడి అంచులు కూడా లోపలికి దగ్గరపడతాయి, మొనకి మళ్ళీ పట్టు దొరుకుతాది. తర్వాత ఇంపాక్ట్ డ్రైవర్. కరెంటుది కాదు, సుత్తితో కొట్టేది, లోపల వాలు గాడి ఉంటది, పైన కొట్టిన దెబ్బలో కొంత కిందికి నొక్కుతాది, కొంత తిప్పుతాది, రెండూ ఒకే క్షణంలో జరుగుతాయి కాబట్టి మొన జారడానికి సందు ఉండదు. ఈ పనిముట్టు ఖరీదు ఒక కవర్ ఖరీదు కంటే తక్కువే, అయినా చాలా షెడ్లల్లో లేదు. ఒక చేత్తో ఎడమకి బిగపట్టి తిప్పి ఉంచి, బరువైన సుత్తితో ఒక్క దెబ్బ గట్టిగా వెయ్యాలి, చిన్న సుత్తితో ఇరవై దెబ్బలు వెయ్యడం కంటే అదే మంచిది. మొదటి దెబ్బ బిగించే వైపు వేసి రెండో దెబ్బ వదులు చేసే వైపు వేస్తే కొన్ని మొండి స్క్రూలు వచ్చీస్తాయి, తుప్పు పొర ఏదో ఒక వైపు తెగాలి కదా. మొన జారుతుంటే వాల్వులు గ్రైండ్ చేసే పేస్ట్ చిటికెడు మొన మీద రాయండి, గరుకుగా ఉంటది, పట్టుకుంటది.

అప్పటికీ రాకపోతే వేడి. ఇది చాలామందికి తెలుసు గానీ తప్పుగా తెలుసు, స్క్రూని కాల్చీస్తారు. కాల్చాల్సింది దాని చుట్టూ ఉన్న కేసుని. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తది, అంటే రంధ్రం పెద్దదవుతాది స్క్రూ అంత పెద్దదవ్వదు, పట్టు సడలుతాది. హాట్ ఎయిర్ గన్ ఉంటే అది మంచిది. నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోతే చాలు ఆ వేడి. గ్యాస్ మంట పెట్టేవాళ్ళకి చెప్తున్నాను, ఉక్కు కరగబోయే ముందు ఎర్రబడి మనకి చెప్తది, అల్యూమినియం అలా రంగు మారదు, 660 డిగ్రీలు రాకముందే ఏ హెచ్చరికా లేకుండా కుప్పకూలిపోద్ది. పైగా పక్కనే ఆయిల్ సీల్ ఉంటది, రబ్బరు, అది కాలిపోతే ఇంకో ఖర్చు. పెట్రోల్ ట్యాంకూ కార్బురేటరూ తీసి దూరంగా పెట్టకుండా మంట వెలిగించొద్దు, దయచేసి. వేడిగా ఉన్నప్పుడు స్క్రూ మొదట్లో కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి సందులోకి తనంతట తానే పీల్చుకుపోద్ది, ఇది ఆమదాలవలసలో మా గురువు గారు నేర్పింది, నూనె దిగని చోట మైనం దిగడం నా కళ్ళారా చూసేను.

ఇంక తల పూర్తిగా పోయినవాటి సంగతి. ఇక్కడే అందరూ భయపడిపోయి ఉలి తీస్తారు, కేసు పగిలేది ఇక్కడే. నిజానికి తల పోయిన స్క్రూ అన్నిటికంటే సులువు. 6 ఎంఎం డ్రిల్ బిట్ పెట్టి తల మధ్యలో తిన్నగా దించండి, తల మందం దాటగానే తల ఊడి బిట్‌కి ఉంగరంలాగ చుట్టుకుని వచ్చీస్తది. మిగిలిన స్క్రూలన్నీ తీసీస్తే కవర్ జారి బయటికి వస్తది, తల లేని కాడ నిలువుగా కేసులోంచి పైకి నిలబడి ఉంటది, కవర్ మందం అంత పొడుగు. దాన్ని వైస్ గ్రిప్‌తో, అంటే బిగించి వదిలేస్తే పట్టుకునే ఉండే పట్టకారుతో, పట్టి తిప్పడమే. చాలాసార్లు వైస్ గ్రిప్ కూడా అక్కర్లేదు, వేళ్ళతోనే తిరిగీస్తది, ఎందుకంటే స్క్రూని బిగబట్టి ఉంచింది సగం తుప్పు అయితే సగం తల లాగిపట్టిన బిగువు, తల తెగగానే ఆ బిగువు పోయింది. ఈ కుర్రాడి ఇంజిన్లో నాలుగిట్లో రెండు అలాగే వచ్చేయి, ఒకటి నేను వాడి చేతే తిప్పించేను, వేళ్ళ మధ్య అది కదలగానే వాడు నా వైపు చూసిన చూపు ఉందే, అది చూసేకే ఈ ఉత్తరం రాయాలని గట్టిగా అనుకున్నాను.

మర లోపలే విరిగిపోయి పైకి ఏమీ లేకపోతే మాత్రం కష్టం. షాపుల్లో ఈజీ అవుట్ అని అమ్ముతారు, పేరులో ఈజీ ఉంది కానీ, సన్న స్క్రూల్లో అది చాలా ప్రమాదం. 6 ఎంఎం స్క్రూలో మూడు ఎంఎం రంధ్రం వేసి పెట్టాలి, అంటే ఈజీ అవుట్ అంత సన్నగా ఉంటది, గట్టి ఉక్కు, పెళుసు, కొంచెం పక్కకి వంచి తిప్పితే టప్పున విరుగుతాది, విరిగితే దాన్ని మామూలు డ్రిల్ బిట్ ముట్టుకోలేదు. రాకూడదని పట్టు పట్టిన స్క్రూని దానికంటే సన్నని ముక్కతో తిప్పితే ఏది విరుగుతాది, ఆలోచించండి. దానికంటే విరిగిన కాడ మీద ఒక నట్టు పెట్టి నట్టు మధ్యలోంచి వెల్డింగ్ పొయ్యడం మంచిది, వెల్డింగ్ వేడికే సగం పని అయిపోద్ది, చల్లారుతుండగా నట్టుని పానాతో అటూ ఇటూ నెమ్మదిగా ఆడిస్తే వస్తది, మొదటి నట్టు తెగిపోతే రెండోది పొయ్యండి, మూడోది పొయ్యండి. బండి మీదే వెల్డింగ్ చేస్తుంటే బ్యాటరీ వైర్లు, సీడీఐ (ప్లగ్గుకి స్పార్క్ ఇప్పించే పెట్టె) వైర్లు ముందు ఊడదియ్యాలి. ఎడమ వాటం డ్రిల్ బిట్లు కూడా ఉంటాయి, వదులయ్యే వైపే తిరుగుతాయి, రంధ్రం వేస్తుండగానే స్క్రూ దానంతట అది బయటికి వచ్చీస్తది ఒక్కోసారి.

కేసులో మర పోయిందని కేసు పారేసేవాళ్ళని చూస్తే నాకు కడుపు తరుక్కుపోద్ది. హెలికాయిల్ అని ఉంది, స్టీలు తీగతో చుట్టిన మర, 6.3 దాకా రంధ్రం పెద్దది చేసి ట్యాప్‌తో కొత్త మర కోసి అది దించితే మళ్ళీ అదే 6 ఎంఎం స్క్రూ పట్టుద్ది, పాత అల్యూమినియం మర కంటే గట్టిగా ఉంటది. స్పార్క్ ప్లగ్గు మర పోయినా 14 ఎంఎం హెలికాయిల్ ఉంది. ఇది తెలీక మూడొంతుల బాగున్న ఇంజిన్ హెడ్లు తూకానికి వెళ్ళిపోతున్నాయి.

మళ్ళీ బిగించేటప్పుడు చేసే తప్పే వచ్చే పదేళ్ళకి తలనొప్పి. కవర్ స్క్రూలు అన్నీ ఒకే పొడుగు ఉండవు, పొడుగుది పొట్టి చోట పెట్టి బిగిస్తే అడుగు తగిలి కేసు చిట్లుతాది, అందుకే ఇప్పేటప్పుడే ఒక అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చుకోవాలి. మర మీద కాపర్ గ్రీజు పలచగా రాయండి, అది లేకపోతే మామూలు గ్రీజైనా రాయండి, ఉప్పు నీరు లోపలికి దిగకుండా ఉంటది. ఈమధ్య అందరూ స్టెయిన్‌లెస్ స్టీల్ అలెన్ బోల్టులు (తలలో ఆరు పలకల గుంట ఉండేవి) వేయించుకుంటున్నారు, అలెన్ కీకి పట్టు బాగుంటది, నేనూ వేస్తాను, కానీ స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు కదా అని గ్రీజు లేకుండా వెయ్యొద్దు, అల్యూమినియాన్ని అది మామూలు ఉక్కు కంటే ఎక్కువ తినేస్తది. బిగువు కూడా 6 ఎంఎం స్క్రూకి 10 న్యూటన్ మీటర్లు దాటకూడదు, అంటే పొట్టి అలెన్ కీతో మణికట్టు బలం చాలు, భుజం బలం అక్కర్లేదు.

ఎడిటర్ గారూ, నేను అడిగేది ఏంటంటే, మన జిల్లాలో ఐటీఐలు ఉన్నాయి, అక్కడ మెకానిక్ కోర్సు చదివే పిల్లల్లో కొందరు నా దగ్గరికి పనికి వస్తారు, ఫ్యూయల్ ఇంజెక్షన్ గురించి చక్కగా చెప్తారు, స్కానర్ పెట్టి లోపం చదువుతారు, నాకు ముచ్చటేస్తది. కానీ పట్టేసిన స్క్రూ ముందు నిలబడితే నెంబర్ 2 పట్టుకుంటారు. నాలుగు పాత కేసులు ఉప్పు నీళ్ళల్లో నెల రోజులు నానబెట్టి, వాటి స్క్రూలు కేసు పగలకుండా తియ్యమని ఒక వారం ప్రాక్టికల్ పెడితే ఎంత బాగుంటది, ఖర్చు లేదు, పాత కేసులు నేనిస్తాను. ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల హార్డ్‌వేర్ షాపుల వాళ్ళకి కూడా ఒక మనవి, జేఐఎస్ నెంబర్ 2, నెంబర్ 3 మొనలు తెప్పించి పెట్టండి, అడిగేవాళ్ళు లేరు అంటారు, ఉన్నాయని తెలిస్తే కదా అడుగుతారు. ఈ ఉత్తరం అచ్చయితే కత్తిరించి నా షెడ్లో గోడకి అంటిస్తాను, ఇంకో పది షెడ్ల గోడలకి కూడా పంచుతాను.

ఆ కుర్రాడి ఇంజిను ఇంకా నా బల్ల మీదే ఉంది. రెండు స్క్రూలు తల తీసేక వచ్చేయన్నాను కదా, మూడోది నట్టు వెల్డింగ్ పోస్తే రెండోసారికి వచ్చింది. ఈజీ అవుట్ విరిగింది మాత్రం మిగిలింది, దాన్ని సన్న పంచ్‌తో పొడి పొడిగా చితక్కొట్టి కొంచెం కొంచెం బయటికి లాగుతున్నాను, రోజుకి ఒక గంట, కస్టమర్లు తగ్గేక సాయంత్రం పూట. వాడు రోజూ ఫోన్ చేసి "వచ్చిందా అన్నా" అంటాడు. ఇంకా లేదు నాయనా, సగం దాకా వచ్చింది, కేసుకి ఏం కాలేదు అని చెప్తున్నాను.

ఇట్లు,
ఒక బైకు మెకానిక్,
శ్రీకాకుళం